ఒకటి ఇంటూ ఒకటి ఇంటూ ఒకటి

మొన్న ఇల్లు మారుతూ పాత ఫైళ్ళు సర్దుతుంటే ఓ స్పాట్ అవార్డు సర్టిఫికెట్ బయటపడింది. నా పేరు, కింద మేనేజర్ సంతకం, మధ్యలో డేటా మైగ్రేషన్‌లో నేను ఏదో పొడిచేశానన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క ఒకటి. దాంతోపాటు ఐదు వేల రూపాయల గిఫ్ట్ కార్డు కూడా ఇచ్చారప్పట్లో. అమ్మకి కుక్కర్ కొన్నాను. ఆ కాగితాన్ని చింపి పారేద్దామా ఉంచుకుందామా అని కాసేపు ఊగిసలాడి, మళ్ళీ అదే ఫైల్లో పెట్టేశాను. అది ఎలా వచ్చిందో నాకొక్కడికే తెలుసు. ఇవాళ మీకూ చెప్పేస్తాను. కానీ ముందు టార్గెట్ వాడి కెనడా కథ చెప్పాలి, లేకపోతే నేను చేసిన వెధవ పని బరువు మీకు తెలీదు.

టార్గెట్ గురించి మనవాళ్ళకి పెద్దగా పరిచయం అక్కర్లేదు. అమెరికా వెళ్ళినవాళ్ళందరూ మొదటి వారంలో దుప్పట్లూ గిన్నెలూ కొనుక్కునేది అక్కడో వాల్‌మార్ట్‌లోనో. బెంగుళూరులో వాళ్ళ ఆఫీసు 2005 నుంచీ ఉంది, అందులో మన తెలుగు పిల్లలు బోలెడుమంది. అమెరికాలో అంత బాగా నడిచే ఆ కంపెనీ పక్క దేశంలో రెండేళ్ళు తిరక్కుండా ఎలా మునిగిందన్నది నాకు చాలా రోజులు అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం నిద్ర పట్టలేదు. (కొంచెం ఎక్కువ చేసి చెప్తున్నాను. పట్టింది, కానీ లేటుగా పట్టింది.)

2011 జనవరిలో టార్గెట్ ఓ పెద్ద బేరం కుదుర్చుకుంది. కెనడాలో జెల్లర్స్ అని చవక సరుకులమ్మే గొలుసు కొట్లు ఉండేవి, హడ్సన్స్ బే కంపెనీ వాళ్ళవి. వాటిలో 220 దాకా కొట్ల లీజు హక్కుల్ని 182.5 కోట్ల కెనడా డాలర్లకి కొనేసింది. కొన్నది లీజులు, అది గుర్తుపెట్టుకోండి. అందులోని సరుకునీ, ఏళ్ళ తరబడి పనిచేస్తున్న మనుషుల్నీ కొనలేదు. ఆ మనుషులకి ఉద్యోగం కావాలంటే మళ్ళీ కొత్తగా అప్లికేషన్ పెట్టుకోవలసిందే. ఇదే కెనడాలోకి వాల్‌మార్ట్ 1994లో వచ్చినప్పుడు ఊల్కో అనే గొలుసు నుంచి 122 కొట్లని, నడుస్తున్నవాటిని నడుస్తున్నట్టే తీసుకుంది. ఖాళీ ఇల్లు కొనుక్కోవడానికీ, నిండు సంసారంలోకి ఇల్లరికం వెళ్ళడానికీ ఉన్నంత తేడా.

లీజులు కొన్నాక ఏమవుతుంది? కొట్టు తెరిచినా మూసినా అద్దె మీటరు తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి నిదానంగా పదో పదిహేనో కొట్లు పెట్టి చూద్దాం అనడానికి లేకుండా పోయింది. 2013 ఒక్క ఏడాదిలోనే 124 కొట్లు తెరిచారు. మొదటివి మార్చిలో అంటారియో రాష్ట్రంలోని గ్వెల్ఫ్, ఫెర్గస్, మిల్టన్ ఊళ్ళలో. అంతకుముందు ఆ కంపెనీ అమెరికా దాటి ఒక్క కొట్టు కూడా పెట్టి ఎరగదు.

డేట్ ఫిక్సయిపోయింది. స్కోప్ కూడా ఫిక్సయిపోయింది. ఇంక తగ్గేదేంటో మన వృత్తిలో ఉన్నవాళ్ళకి విడిగా చెప్పనక్కర్లేదు.

అమెరికాలో టార్గెట్‌కి ఏళ్ళ తరబడి సొంతంగా రాసుకున్న సాఫ్ట్‌వేర్ ఉంది. అది కెనడా డాలరుకీ, ఫ్రెంచి అక్షరాలకీ సిద్ధంగా లేదు. దాన్ని మార్చుకుంటూ కూర్చుంటే టైము సరిపోదని రెడీమేడ్‌గా శాప్ తీసుకున్నారు. నిర్ణయం తప్పని నేననను. నేనున్నా బహుశా అదే చెప్పేవాణ్ణి. కాకపోతే శాప్ అనేది కొత్త ఇంట్లో బీరువా లాంటిది, తెచ్చి పెట్టినంత మాత్రాన అందులో బట్టలు వాటంతటవే మడతపెట్టుకుని కూర్చోవు. కెనడాలోనే సోబీస్ అని ఓ పెద్ద సూపర్‌మార్కెట్ కంపెనీ ఉంది. వాళ్ళు శాప్ పెట్టబోయి, చేతులు కాల్చుకుని, 2001లో ప్రాజెక్టునే వదిలేసుకున్నారు. పక్కింటివాడి అనుభవం మనకి అనుభవం కాదు కదా.

ఆ సిస్టంలోకి దాదాపు 75,000 రకాల సరుకుల వివరాలు ఎక్కించాలి. ఒక్కో సరుకుకి పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు, ఒక పెట్టెలో ఎన్ని ముక్కలొస్తాయి, బార్‌కోడ్, ఏ దేశంలో తయారైంది, ఏ కరెన్సీలో ధర, ఇలా డజన్ల కొద్దీ గళ్ళు. అమెరికాలో పాత డేటా ఉంది కాబట్టి కాపీ కొట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. కుదరలేదు. కొత్త సిస్టం, కొత్త సరఫరాదారులు, కొత్త కొలమానాలు. అంచేత కాలేజీ నుంచి అప్పుడప్పుడే బయటికొచ్చిన కుర్రకారు కూర్చుని, సరఫరాదారుల వెంటపడి వివరాలు అడుక్కుని, చేత్తో టైపు చేశారు. కెనడియన్ బిజినెస్ పత్రిక 2016లో అక్కడ పనిచేసినవాళ్ళతో మాట్లాడి ఓ పెద్ద వ్యాసం వేసింది. అందులో ఉన్న సంగతులు మన ప్రాజెక్టు మీటింగుల్లోంచి ఎవరో రికార్డు చేసి ఇచ్చినట్టుంటాయి. సెంటీమీటర్లు ఉండాల్సిన చోట అంగుళాలు. పొడవు గడిలో ఎత్తు, ఎత్తు గడిలో వెడల్పు. బార్‌కోడ్‌లో తప్పులు. అమెరికాలో 98, 99 శాతం సరిగ్గా ఉండే డేటా కెనడాలో 30 శాతం దగ్గర తేలింది.

ముప్ఫై! పరీక్షల్లో అయితే మా కాలేజీలో డిటెన్షన్.

దీనివల్ల ఏం జరుగుతుందో రిటైల్ ప్రాజెక్టుల్లో పనిచేయనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే బయటివాళ్ళకి ఇదంతా గుమాస్తా పని అనిపిస్తుంది. పెద్ద కొట్లో ఏ అరలో ఏది ఎన్ని పెట్టాలో మనిషి నిర్ణయించడు, ఆ కొలతల్ని బట్టి సిస్టం నిర్ణయిస్తుంది. ట్రక్కులో ఎన్ని పెట్టెలు పడతాయో, గోడౌన్లో ఏ గూట్లో పెట్టాలో కూడా అంతే. పెట్టెలో 24 ముక్కలుంటే సిస్టంలో 12 అని ఉందనుకోండి, గోడౌన్ గేటు దగ్గర లెక్క కుదరదు. ఆ పెట్టెని పక్కన పెట్టాలి. పక్కన పెట్టిన పెట్టెలు పెరిగితే పక్క అనే చోటే మిగలదు. టార్గెట్‌కి సరిగ్గా ఇదే అయింది: గోడౌన్లు సరుకుతో పగిలిపోతున్నాయి, కొట్లలో అరలు ఖాళీగా ఉన్నాయి. సరుకు దేశంలోనే ఉంది, కొన్నదానికి డబ్బు కట్టేశారు, కానీ కొనడానికి వచ్చినమ్మాయికి మాత్రం అది లేదు.

దానికి తోడు ఎంత అమ్ముడవుతుందన్న అంచనా. సిస్టంకి అంచనా వెయ్యాలంటే పాత అమ్మకాల చరిత్ర కావాలి, కొత్త దేశంలో చరిత్ర ఎక్కణ్ణుంచి వస్తుంది? పైవాళ్ళు ఆశపడ్డ అమ్మకాల లెక్కనే చరిత్ర స్థానంలో పెట్టారు. కాబట్టి సిస్టం బుద్ధిగా, క్రమశిక్షణతో, అక్కర్లేనివన్నీ తెప్పించింది.

ఇంకోటి, కెనడా వాళ్ళకి టార్గెట్ కొత్త కాదు. బోర్డరు దాటి డెట్రాయిట్‌కో బఫెలోకో వెళ్ళి అక్కడి టార్గెట్‌లో ధరలు చూసినవాళ్ళే. అవే ధరలు ఇంటి పక్కనే దొరుకుతాయనుకుని వచ్చారు. చిన్న మార్కెట్టూ, పొడుగాటి దూరాలూ, కొత్తగా కట్టుకున్న సరఫరా గొలుసూ కలిసి ధర ఎక్కువైంది. వచ్చి చూసి, ఖాళీ అరలు చూసి, పక్కనున్న వాల్‌మార్ట్‌కి వెళ్ళిపోయారు. ఓ రకంగా బాగా పేరున్నవాడికే ఈ కష్టం. ముక్కూ మొహం తెలియని కొట్టయితే జనం మొదటి ఆరు నెలలు క్షమిస్తారు.

ఇక ఆ వ్యాసంలో నన్ను నిద్రపోనివ్వని ముక్క ఇది. సరుకు అయిపోతుంటే దానంతటదే ఆర్డరు పెట్టే సదుపాయం ప్రతి సరుకుకీ ఉంటుంది. ఆటో రీప్లెనిష్‌మెంట్ అంటాం. కెనడాలో బిజినెస్ ఎనలిస్టులకి, ఏ సరుకుకి కావాలంటే ఆ సరుకుకి దాన్ని ఆపేసే మీట చేతికిచ్చారు. మామూలుగా అమ్మడం మానేసిన సరుకులకి వాడాల్సిన మీట అది. ఆపేసిన సరుకు అరలో లేకపోయినా, సిస్టం దాన్ని "స్టాకు లేదు" లెక్కలో వెయ్యదు. ఎనలిస్టుల పని ఎలా ఉందని పైవాళ్ళు కొలిచేదేమో ఆ "స్టాకు లేదు" శాతంతోనే. ఇంకేముంది, కొందరు మీట నొక్కేశారు. కాగితం మీద కొట్టు నిండుగా ఉంది. నేలమీద అర ఖాళీగా ఉంది. తర్వాత ఎవరో కనిపెట్టి ఆ మీట లాగేసుకున్నారనుకోండి.

ఆ ఎనలిస్టుల్ని దొంగలని నేననలేను. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళవాళ్ళు. మొదటి ఉద్యోగం. రోజూ పొద్దున్నే ఎర్ర రంగు రిపోర్టు. బాగుచెయ్యడం తమ చేతిలో లేదు, రంగు మార్చడం తమ చేతిలో ఉంది.

మిగతా కథ గబగబా చెప్పేస్తాను. 2013 డిసెంబర్లో అమెరికాలో టార్గెట్ మీద సైబర్ దాడి జరిగి 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. ఆ దెబ్బా, ఈ కెనడా దెబ్బా కలిసి 2014 మేలో సీఈఓ గ్రెగ్ స్టైన్‌హాఫెల్ దిగిపోయాడు. తర్వాత వచ్చిన బ్రయాన్ కార్నెల్ లెక్కలు చూసి, 2021 దాకా అక్కడ లాభం కనిపించట్లేదని చెప్పి, 2015 జనవరి 15న దుకాణం కట్టేస్తున్నట్టు ప్రకటించాడు. అప్పటికి 133 కొట్లు, దాదాపు 17,600 మంది ఉద్యోగులు. ఏప్రిల్ 12న చివరి కొట్లు మూశారు. ఆ ఉద్యోగులందరికీ కలిపి పదహారు వారాల జీతం కోసం 7 కోట్ల కెనడా డాలర్ల నిధి పెట్టారు. దిగిపోయిన స్టైన్‌హాఫెల్ ఒక్కడికీ వచ్చిన మూట విలువ దాదాపు 6.1 కోట్ల అమెరికా డాలర్లని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. దీని మీద నేను ఏం వ్యాఖ్యానించినా తక్కువే.

పెద్ద కొట్లవాళ్ళు పరాయి దేశంలో ఎందుకు దెబ్బతింటారని ఎవర్నడిగినా ఠక్కున చెప్పే జవాబు ఒకటుంది: కల్చర్ అర్థం కాలేదండీ అని. మేనేజ్‌మెంట్ చదివిన స్నేహితులెవరైనా ఉంటే వాల్‌మార్ట్ జర్మనీ కథ తప్పకుండా చెప్తారు. అది నిజంగా జరిగిందే. 1997 చివర్లో వెర్ట్‌కాఫ్ అనే కంపెనీ నుంచి 21 కొట్లు, మరుసటేడు ఇంకో కంపెనీ నుంచి 74 కొట్లు కొని, జర్మను భాష రాని అమెరికా పెద్దమనిషిని నెత్తిన కూర్చోబెట్టారు. గుమ్మంలో నవ్వుతూ పలకరించే మనుషుల్ని పెడితే జర్మన్లు బెదిరిపోయారని చెప్పుకుంటారు. ఉద్యోగులు తమలో తాము ప్రేమించుకోకూడదన్న రూలు కోర్టు దాకా వెళ్ళి 2005లో వీగిపోయింది. 2006లో మిగిలిన 85 కొట్లనీ మెట్రో కంపెనీకి అమ్మేసి, దాదాపు 100 కోట్ల డాలర్ల నష్టంతో బయటపడ్డారు. కథ బాగానే ఉంది, నవ్వుకోడానికి పనికొస్తుంది. కానీ ఆల్డి, లిడ్ల్ అనే రెండు కంపెనీలు అప్పటికే అక్కడ వాల్‌మార్ట్ కంటే చవగ్గా అమ్ముతున్నాయి. చవకే తన బలం అనుకుని వెళ్ళినవాడికి తనకంటే చవకైనవాడు ఎదురైతే, గుమ్మంలో నవ్వినా ఏడ్చినా ఒకటే.

కల్చర్ని మరీ శ్రద్ధగా చదివి మునిగినవాళ్ళూ ఉన్నారు. బ్రిటన్ వాళ్ళ టెస్కో అమెరికాలో కొట్లు పెట్టేముందు తన మనుషుల్ని అమెరికన్ల ఇళ్ళలో ఉంచి, వాళ్ళ ఫ్రిజ్జుల్లో ఏముందో చూసి మరీ వచ్చింది. ఎవరికీ తెలీకుండా గోడౌన్లో నమూనా కొట్టు కట్టి చూసుకుంది. ఇంత చేసి 2007 నవంబర్లో ఫ్రెష్ అండ్ ఈజీ అని కాలిఫోర్నియా, నెవాడా, ఆరిజోనాల్లో మొదలెడితే, సరిగ్గా ఇళ్ళ అప్పుల సంక్షోభం బాగా తగిలిన చోట్లే అవి. కూరగాయలేమో ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, బిల్లేమో మనమే వేసుకోవాలి, కూపన్లేమో మొదట్లో లేవు. 2013లో తప్పుకుంటున్నట్టు చెప్పేసరికి ఖర్చు వంద కోట్ల పౌండ్లు దాటింది.

కెనడా విషయంలో కల్చర్ అన్న మాట అసలు నిలబడదు. క్యూబెక్ వదిలేస్తే అదే భాష, అవే టీవీ సీరియళ్ళు, చాలామంది బోర్డరుకి రెండు గంటల దూరంలోనే ఉంటారు. అక్కడ పోయింది కల్చర్ కాదు, అరలో సరుకు పోయింది.

ఈ సంగతి నాకు మా మావయ్య దగ్గర ఇంకా బాగా అర్థమైంది. ఆయనకి జంగారెడ్డిగూడెంలో కిరాణా కొట్టుంది. ముప్ఫై ఏళ్ళుగా బాగా నడుస్తోంది. కొన్నేళ్ళ కిందట ఎవరో చెప్తే సత్తుపల్లిలో ఇంకో కొట్టు పెట్టాడు. ఎంత దూరం, గంటా గంటన్నర బస్సు. భాష ఒకటే, తినే పప్పూ ఉప్పూ ఒకటే. పద్నాలుగు నెలల్లో ఎత్తేశాడు. ఎందుకు మావయ్యా అనడిగితే అప్పట్లో చిరాకుపడేవాడు. తర్వాతెప్పుడో అరుగుమీద కూర్చుని తనే చెప్పాడు.

"ఒరేయ్, మా ఊళ్ళో జనానికి డబ్బులు పొగాకు వేలం మీదొస్తాయి. ఏడాదంతా ఖాతా రాస్తాం, బేళ్ళు అమ్ముడయ్యాక తీరుస్తారు. కాబట్టి కొనడం మాత్రం ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉంటది. అక్కడ సింగరేణి జీతాలోళ్ళు ఎక్కువ. మొదటి వారంలో ఒకేసారి నెల సామాన్లు పట్టుకుపోతారు. నేనేమో ఇక్కడి అలవాటు కొద్దీ వారానికింతని సరుకు దింపేవాణ్ణి. ఒకటో తారీకునుంచి ఎనిమిదో తారీకు దాకా కొట్లో కందిపప్పు ఉండేది కాదు. పదిహేనో తారీకుకి బస్తాలు గుట్టలు. ఓ సారి పప్పు లేదంటే ఊరుకుంటారు, రెండోసారి లేదంటే పక్క కొట్టుకి పోతారు. పోయినోళ్ళు పప్పుకొక్కదానికే పోరు గదా, మొత్తం లిస్టు పట్టుకుపోతారు."

"మరి కుర్రాణ్ణి పెట్టావు కదా, వాడు చెప్పలేదా?"

"చెప్పాడు. ఫోన్ చేసినప్పుడల్లా అంతా బాగానే ఉంది మామా అని చెప్పాడు."

టార్గెట్ వాడికి లక్షల డాలర్ల కన్సల్టెంట్లు చెప్పలేకపోయింది ఇదే కదా అని నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆ కుర్రాడి మాట గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఇక నా అవార్డు సంగతి.

నాలుగేళ్ళ కిందట ఓ విదేశీ రిటైల్ క్లయింటు ప్రాజెక్టులో ఉన్నాను. పేరు చెప్పను, అడక్కండి. వాళ్ళు ఇంకో దేశంలో కొట్లు తెరుస్తున్నారు. నేను గచ్చిబౌలిలో ఐటెం మాస్టర్ కన్వర్షన్ టీములో. సరఫరాదారుల దగ్గర్నుంచి ఎక్సెల్ షీట్లు వస్తాయి, వాటిని సిస్టంకి ఎక్కే రూపంలోకి మార్చి లోడు చెయ్యడం మా పని. శనివారం మాక్ లోడ్. గురువారం రాత్రి ట్రయల్ వేస్తే 11,000 ఐటెంలలో 4,300 రిజెక్ట్ అయ్యాయి. కారణం ఒక్కటే: పొడవు, వెడల్పు, ఎత్తు గళ్ళు ఖాళీ. సిస్టంలో అవి తప్పనిసరి గళ్ళు.

ఆన్‌సైట్ కోఆర్డినేటర్‌కి చెప్పాను. ఆయన పాపం ఆ రోజు ఎన్నో కాల్లో ఉన్నాడో. "సరఫరాదారుల్ని ఇప్పుడు అడిగితే మూడు వారాలు. శనివారం ఎర్రర్ కౌంట్ వంద లోపు ఉండాలి. ఏదో ఒకటి చూడు" అన్నాడు. ఏదో ఒకటి. ఆయన ఇంకేమీ అనలేదు, అది నేను ఖచ్చితంగా చెప్పాలి. ఆ తర్వాతది నా సొంత తెలివి. స్క్రిప్టులో ఒక్క లైను రాశాను: గడి ఖాళీగా ఉంటే 1 పెట్టు. పైన కామెంటులో తాత్కాలికం, తర్వాత మార్చాలి అని కూడా రాశాను. మనందరికీ తెలుసు ఆ కామెంటుకి ఎంత ఆయుష్షో.

శనివారం లోడ్ 99 శాతం పాస్. డాష్‌బోర్డు పచ్చగా, కోనసీమలా ఉంది. సోమవారం మెయిలొచ్చింది, పై నెలలో అవార్డొచ్చింది. కుక్కరొచ్చింది.

గో లైవ్ అయిన రెండో వారం. సపోర్టు డ్యూటీలో నేనున్నాను, మన టైము రాత్రి పదకొండున్నర. గోడౌన్ సూపర్‌వైజర్ ఒకావిడ కాల్లోకి వచ్చింది. అరవలేదు, తిట్టలేదు. బాగా అలిసిపోయిన గొంతు. చంటిపిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్ళే బళ్ళు ఉంటాయి కదా, స్ట్రోలర్లు, అవి 140 పెట్టెలు వచ్చాయట. సిస్టం వాటన్నిటినీ ఒకే గూట్లో పెట్టమంటోందట. ఆ గూడు చెప్పుల పెట్టెంత. "నా దగ్గర నడిచే దారి నిండా పెట్టెలున్నాయి. మీ సిస్టం ఏమో అవి సొరుగులో ఉన్నాయంటోంది. నేను దేన్ని నమ్మాలి?" అంది.

ఒక సెంటీమీటరు ఇంటూ ఒక సెంటీమీటరు ఇంటూ ఒక సెంటీమీటరు. పంచదార పలుకుల్లాంటి స్ట్రోలర్లు నూటనలభై. సొరుగులో ఎందుకు పట్టవు? ఇంకా చోటు మిగుల్తుంది.

నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. వెంటనే చెప్పి ఉండొచ్చు. "చెక్ చేసి చెప్తాను" అన్నాను. చెక్ చెయ్యడానికేముంది, రాసింది నేనే. రాత్రంతా కూర్చుని స్ట్రోలర్లతో పాటు ఇంకో రెండొందల ఐటెంలకి కొలతలు వెతికి సరిచేశాను. తెల్లవారుజామున టికెట్ మూసేటప్పుడు రూట్ కాజ్ అన్న గడి వచ్చింది. అది కూడా తప్పనిసరి గడే. ఖాళీగా ఉంచితే టికెట్ మూతపడదు. అందులో "వెండార్ డేటా ఇష్యూ" అని ఎంచుకున్నాను.

అబద్ధం కూడా కాదని అప్పుడు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. గళ్ళు ఖాళీగా పంపింది వాళ్ళే కదా. కానీ వాళ్ళకి మేం పంపిన టెంప్లేట్ పాత వర్షను. అందులో కొలతల గళ్ళకి తప్పనిసరి అన్న గుర్తే లేదు. ఇది నాకు ఆ ముందు గురువారం రాత్రే తెలుసు, రెండు ఫైళ్ళూ పక్కపక్కన తెరిచి చూశాను కాబట్టి. ఓ నెల తర్వాత తప్పుడు డేటా పంపిన సరఫరాదారుల బిల్లుల్లోంచి జరిమానా కోస్తున్నారని, దానికి ఆధారం మా టికెట్ల రిపోర్టేనని ఓ మీటింగులో విన్నాను. ఆ లిస్టులో స్ట్రోలర్లవాడు ఉన్నాడు. చిన్న కంపెనీ, ఐదారు రకాలే అమ్ముతాడు. మ్యూట్‌లో ఉన్నాను. మ్యూట్‌లోనే ఉండిపోయాను.

ఏడాదిన్నర తర్వాత ఆ క్లయింటు ఆ దేశంలో ఓ నగరంలోని కొట్లు మూసేసింది. నా ఒక్క లైను వల్లే మూసేశారని అనుకోడానికి నేనంత గొప్పవాణ్ణేం కాదు. అద్దెలున్నాయి, ధరలున్నాయి, స్థానికంగా గట్టి పోటీ ఉంది. పైగా 4,300 ఐటెంలలో సగం పైగా తర్వాత ఎవరో ఒకరు సరిచేసే ఉంటారు. కానీ మూసేస్తున్నారన్న వార్తలో కారణాల కింద "అరల్లో సరుకు లేదని వినియోగదారుల ఫిర్యాదులు" అన్న అర్థం వచ్చే ఓ వాక్యం ఉంది. దాని దగ్గర ఆగిపోయాను. కెనడా వ్యాసం వెతికి చదివింది ఆ రాత్రే. ఆ మీట నొక్కిన పిల్లల దగ్గరికి వచ్చేసరికి ల్యాప్‌టాప్ మూసేశాను.

అప్పటికి నేను ఆ కంపెనీలో లేను. అయినా ఆ సరఫరాదారు సంగతి మా పాత కోఆర్డినేటర్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఇప్పుడెందుకు బాస్ ఇవన్నీ, ఆ అకౌంట్సు క్లోజయిపోయి చాన్నాళ్ళయింది. పెళ్ళెప్పుడు?" అన్నాడు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే సర్టిఫికెట్ దొరికినందుక్కాదు. అది దొరికిన మూడో రోజున ఓ కుర్రాడు మెసేజ్ పెట్టాడు. ఆ పాత కంపెనీలో, అదే అకౌంటులో కొత్తగా చేరాడట. క్లయింటు ఇప్పుడు వేరే దేశం వెళ్తోందట.

"అన్నా, కన్వర్షన్ స్క్రిప్టులో మీ పేరుంది. కొలతలు ఖాళీగా ఉంటే 1 అని పెడుతోంది. అదేమైనా బిజినెస్ రూలా అన్నా? డాక్యుమెంట్‌లో ఎక్కడా దొరకలేదు."

రూలు కాదు తమ్ముడూ, నా తప్పు, ఆ లైను తీసెయ్ అని రాశాను. స్ట్రోలర్ల కథ మొత్తం రాశాను, టికెట్లో ఏం ఎంచుకున్నానో కూడా. ఓ పది నిమిషాలు రెండు నీలం టిక్కులు తప్ప ఏమీ లేదు. తర్వాత జవాబొచ్చింది.

"తీసేసి రన్ చేశానన్నా. 6,100 ఎర్రర్లు వస్తున్నాయి. ఎల్లుండి మాక్ లోడ్ ఉంది."

రానీ, ఆ 6,100 లిస్టు అలాగే ఎక్సెల్లో పెట్టి ఈ రాత్రికే అందరికీ మెయిల్ కొట్టు, సీసీలో క్లయింటుని కూడా పెట్టు అన్నాను. మెయిల్లో ఏం రాయాలో నేనే నాలుగు లైన్లు టైపు చేసి పంపాను. మళ్ళీ టైపింగ్, టైపింగ్ అని చాలాసేపు చూపించింది.

"మా లీడ్‌ని అడిగి చెప్తానన్నా" అన్నాడు.